బాపుతో ఆర్ట్స్ కాలేజీకి

బాపును, అంటే మా నాన్నను, ఆయన చదువుకున్న హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీకి తీసుకెళ్లాను. ముందు లాడ్జి సంగతి చెప్పాలి, కడుపు మండిపోయింది కాబట్టి. కాచిగూడ స్టేషన్ దగ్గర రూమ్ తీసుకున్నాం. ఫోన్లో అడిగితే అద్దె 1,400, ఇరవై నాలుగు గంటల చెకవుట్ అన్నారు. రాత్రి పది గంటలకు దిగాం. తెల్లారి ఎనిమిదింటికే తలుపు కొట్టి, చెకవుట్ తొమ్మిదికి, ఉండాలంటే ఇంకో 700 కట్టమన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. ఫోన్లో చెప్పిన మాట గుర్తు చేస్తే గోడ మీద బోర్డు చూపించాడు. డెబ్బై ఏళ్ల మనిషిని అప్పటికప్పుడు సామాన్లతో రోడ్డు మీద నిలబెట్టలేక కట్టాను. బాపు ఒక్క మాట అనలేదు, టీ కూడా వద్దన్నాడు. మీరెవరైనా దిగితే చెకవుట్ టైము రసీదు మీద రాయించుకోండి.

మెట్రోలో తార్నాక దాకా ఇబ్బంది లేదు. అక్కడి నుంచి ఆటోకు 60 రూపాయలు.

చెట్ల మధ్య నుంచి ఆర్ట్స్ కాలేజీ కనపడగానే బాపు ఆటో ఆపించాడు. మిగతా దూరం నడుస్తానన్నాడు. 1976లో ఎం.ఏ. పూర్తి చేసి వెళ్లాక మళ్లీ రావడం ఇదే.

గులాబీ రంగు గ్రానైటు గోడలు. నడుమ ఆకాశానికి ఎత్తిన కమాను. కమానులు చూస్తే మసీదులు గుర్తొస్తాయి, స్తంభాల దగ్గరికి పోతే అజంతా, ఎల్లోరా గుహల పోలిక. ఈ కట్టడం కోసం నిజాం సర్కారు పంపితే నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల యూనివర్సిటీలు చూసొచ్చారు. కైరోలో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. 1934లో పునాదిరాయి, 1939 డిసెంబరులో ప్రారంభం. ఉర్దూలో పై చదువులు చెప్పడానికి నిజాం 1918లో పెట్టిన యూనివర్సిటీకి ఇంత గట్టి ఇల్లు కట్టారు. 1969, 2009 తెలంగాణ ఉద్యమాలు రెండింటికీ ఈ క్యాంపస్సే గుండెకాయ.

కమాను కింద నీడలోకి వెళ్లగానే ఎండ తెలియలేదు. బాపు గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నేనూ తాకాను. రాయి చల్లగా ఉంది, రాయికీ రాయికీ మధ్య అతుకు వేలికి అందనంత సన్నగా ఉంది. పైన మాట్లాడుతూ వెళ్తున్న పిల్లల గొంతులు కింద గుండ్రంగా తిరిగి వినిపించాయి.

"పరీక్షల ముందు ఈడనే కూసునేటోళ్లం. హాస్టల్ల ఉక్కపోత, ఈడ గాలి," అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన మనసు విప్పి అన్న మొదటి మాట అదే.

టికెట్ లేదు. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే రాయి రంగు బాగా కనిపిస్తుంది. క్లాసులు నడిచే టైములో గదుల వైపు పోకండి.

మధ్యాహ్నం తార్నాకలో 130 రూపాయల భోజనం, పప్పు రెండుసార్లు వడ్డించారు. తింటూ బాపు, "రేపు పొద్దుగాల ఇంకోసారి పోయొద్దామా?" అన్నాడు. సాయంత్రం వరంగల్ బస్సు మానుకున్నాం. తార్నాకలోనే 1,200కి ఇంకో రూమ్ తీసుకున్నాను, చెకవుట్ టైము రసీదు మీద రాయించుకునే.