మూడేళ్లపాటు ఆన్‌లైన్ పరీక్షలు రాశాక

డిగ్రీ ఆరు సెమిస్టర్లలోనూ వారం వారం క్విజ్‌లను మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ బోధనా వేదికలోనూ, సెమిస్టర్ చివరి పరీక్షలను వెబ్‌క్యామ్ నిఘాలోనూ రాశాను. రెండింటినీ ఆన్‌లైన్ పరీక్షలనే అంటారు గానీ, నా అనుభవంలో మొదటిది చదువులో భాగం, రెండోది కాపలా.

నాకు మేలు చేసింది క్విజ్‌లే. మార్కులు వెంటనే కనిపించడం వల్ల కాదు. గణాంకశాస్త్రం చెప్పిన మేడమ్ ప్రతి తప్పు ఆప్షన్‌కూ, దాన్ని ఎంచుకున్నవాళ్లు ఎక్కడ పొరబడి ఉంటారో రాసిపెట్టేవారు. ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) అంటే విస్తృతి (వేరియన్స్)కి వర్గమూలం; అది అడిగిన చోట నేను విస్తృతినే, అంటే 5ను, ఎంచుకుంటే ‘వర్గమూలం తీయడం మరిచినట్టున్నారు’ అని వచ్చింది. ఆ తప్పు మళ్లీ చేయలేదు. అదే లెక్క మరో క్విజ్‌లో ఆప్షన్లు లేకుండా వచ్చినప్పుడు 2.24 అని టైప్ చేస్తే సున్నా పడింది, ఎందుకంటే అక్కడ పెట్టిన జవాబు 2.236. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో చెప్పే గడి మూడుల్‌లో ఉంది; ప్రశ్న తయారుచేసినవారు దాన్ని పట్టించుకోకపోతే నష్టం విద్యార్థిదే.

నెట్ పోయినప్పుడు మాత్రం భయపడినంత జరగలేదు. జవాబులు మామూలుగా నిమిషానికోసారి వాటంతటవే సేవ్ అవుతాయి, కాకపోతే గడియారం ఆగదు.

నిఘా పరీక్షల సంగతి వేరు. సమాకలనం చేయడానికి చిత్తుకాగితం వైపు తల వంచిన ప్రతిసారీ ‘తెర వైపు చూడండి’ అన్న హెచ్చరిక వచ్చేది. కాసేపటికి లెక్క వదిలేసి నా చూపు ఎక్కడుందో నేనే కాపలా కాసుకున్నాను. పరీక్షకు ముందు కెమెరాను తిప్పి గదంతా చూపించమనడం ఇంకా ఇబ్బంది. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం చేయించిన అలాంటి తనిఖీ రాజ్యాంగ విరుద్ధమని అమెరికాలోని ఒహాయోలో ఫెడరల్ న్యాయస్థానం 2022లో తీర్పు చెప్పిందని తెలిశాక, ఆ ఇబ్బంది నా ఒక్కడి చాదస్తం కాదని ఊరట కలిగింది.

తోటివారందరిదీ నా మాటే కాదు. చేతిరాత నెమ్మదిగా సాగే స్నేహితుడికి వ్యాసాలు టైప్ చేయడం వరమైంది. నాకేమో సమీకరణాలు టైప్ చేయడానికే సగం సమయం పోయేది. వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోనివ్వని పరీక్షలను మాత్రం ఇద్దరమూ సమానంగా తిట్టుకున్నాం.

చివరి సెమిస్టర్‌లో ఒక పేపరుకు నిఘా తీసేసి, ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలతో లెక్కలిచ్చి, పుస్తకాలు చూసి రాయమన్నారు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా నా చూపు గురించి ఆలోచించలేదు. ఆ మూడేళ్లలో రాసినవాటిలో అన్నిటికన్నా కష్టమైన పేపరు అదే.