రెటీనా ఆపరేషన్‌లో గ్యాసా, ఆయిలా?

అమ్మకు ఊడిన రెటీనాను (కంటి లోపల వెనుకనుండే పొర) అతికించే ఆపరేషన్ అయినప్పటి నుంచి చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు: విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసేయడం) చేశాక కంట్లో గ్యాస్ పెట్టించుకోవడం మేలా, ఆయిలా?

రెండూ చేసే పని ఒకటే. చిరుగు చుట్టూ కొట్టిన లేజర్ పట్టుకునేదాకా రెటీనాను అదిమి ఉంచడం. గ్యాస్ తనంతట తానే కరిగిపోతుంది. ఎస్ఎఫ్6 అనే గ్యాస్ అయితే సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 అనేది అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆయిల్ (సిలికాన్ ఆయిల్) కరగదు, మామూలుగా 3 నుంచి 6 నెలల్లో ఇంకో ఆపరేషన్ చేసి తీయాలి.

నా లెక్కలో తేలాల్సింది ఇక్కడే. ఆయిల్ పెట్టించుకున్న మనిషి మళ్లీ ఆస్పత్రికి వెళ్తాడా? కాస్త కనిపిస్తోంది కదా అని కోతలయ్యాక, పెళ్లయ్యాక అంటూ రోజులు జరుపుతారు. ఈలోగా ఆయిల్ సన్నని బిందువులుగా చెదిరి కంటి ప్రెషర్ పెంచొచ్చు, కార్నియాను (కంటి ముందుండే పారదర్శక పొర) మసకబార్చొచ్చు. తీశాక రెటీనా మళ్లీ ఊడే భయం కొంత ఉండనే ఉంది.

గ్యాస్‌కు కష్టమంతా ముందే. అమ్మ వారం రోజులు బోర్లా పడుకుంది. కూర్చుంటే తల దించుకుని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని సీరియళ్లు చూసింది, అదీ రెండో కంటితోనే. ఆపరేషన్ అయిన కంటికి మొదట్లో అంతా మసకే. తర్వాత పైనుంచి తేటపడుతూ, నీటిమట్టంలాంటి గీత ఒకటి రోజూ కాస్త కిందికి దిగిందట. గ్యాస్ ఉన్నన్నాళ్లూ విమానం ఎక్కకూడదు, ఘాట్ రోడ్లూ వద్దు. పైకి వెళ్లేకొద్దీ బుడగ ఉబ్బి కంటి ప్రెషర్ పెరుగుతుంది. చూపు వస్తే తిరుమల వస్తానని మొక్కుకున్న మనిషిని ఆపడం బోర్లా పడుకోబెట్టడం కన్నా కష్టమైంది. ఇంకే ఆపరేషన్ పడినా మత్తు డాక్టరుకు గ్యాస్ సంగతి చెప్పి తీరాలి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు ఇస్తే బుడగ పెరిగి చూపే పోవచ్చు.

అయినా మొదటిసారి ఊడిన మామూలు కేసుకు నా ఓటు గ్యాస్‌కే. రెటీనాపై మచ్చపొరలు కట్టినా, రెండో కన్ను లేకపోయినా, తల దించి ఉంచలేకపోయినా, విమానం తప్పకపోయినా ఆయిల్ వైపు మొగ్గుతారు. మచ్చపొరలు కట్టిన కళ్లపై అమెరికాలో జరిగిన సిలికాన్ స్టడీ ఫలితాలు 1992లో వచ్చాయి. అందులో ఆయిల్ ఎస్ఎఫ్6ను మించింది, సీ3ఎఫ్8తో దాదాపు సమానంగా నిలిచింది.

శుక్లం ఆపరేషన్ కాని కుర్రవాళ్లకు బకిల్ (కంటిగుడ్డు బయట పట్టీ కుట్టే ఆపరేషన్) మంచిదే, ఆ మాట డాక్టరే చెబుతారు.

ఆయిల్ తప్పదంటే మాత్రం, ఏ నెలలో తీస్తారో డిశ్చార్జి నాడే ఫైలు మీద రాయించుకోండి.