‘లైఫ్‌టైమ్’ లాంచర్ కొనేవాళ్లూ జాగ్రత్త: నా బ్యాకప్ మొత్తం ఊడ్చేసింది

కమాండ్లు సేవ్ చేసుకుని, రెండక్షరాలు కొట్టి నడిపించుకునే డెస్క్‌టాప్ లాంచర్ యాప్ ఏదైనా డబ్బు పెట్టి కొనబోతున్నారా? ముందు ఇది చదవండి. యాప్ పేరు రాయడం లేదు. ఏం జరిగిందో తెలిస్తే, ఏ యాప్ కొన్నా మీకు పనికొస్తుంది.

మాది గుంటూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసు. నాతో పాటు ఇద్దరు అసిస్టెంట్లు. నెలలో 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి, ఆ రెండు తేదీల చుట్టూనే మా బతుకు. రోజూ అవే పనులు: పోర్టల్ తెరవడం, పీడీఎఫ్‌ల పేర్లు మార్చడం, సాయంత్రం ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా బ్యాకప్. ఇవన్నీ లాంచర్ చేసిపెడుతుంటే మొదట్లో ముచ్చటేసింది. ‘లైఫ్‌టైమ్ లైసెన్స్’ అంటే 2,999 రూపాయలు కట్టాను. ఏడాదిలో అరవై దాకా కమాండ్లు అందులో దాచాను.

తర్వాత వెర్షన్ 2 వచ్చింది, దానంతటదే ఇన్‌స్టాల్ అయింది. లైఫ్‌టైమ్ అంటే నా ఆయుష్షు అనుకున్నాను, వాళ్ల లెక్కలో అది వెర్షన్ 1 ఆయుష్షట. ఇక నుంచి నెలనెలా కట్టాలి. సరే, ఫ్రీ ప్లాన్‌లో ఉన్నంతవరకు వాడుకుందాం అనుకుని ఊరుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ప్రతి కమాండ్‌కూ ‘ఏ ఫోల్డర్‌లో నడవాలి’ అనే సెట్టింగ్ ఉండేది. కొత్త వెర్షన్‌లో అది డబ్బు కట్టినవాళ్లకే. ఫ్రీ ప్లాన్‌లోకి దిగగానే ఆ సెట్టింగ్ చడీచప్పుడు లేకుండా ఖాళీ అయింది. కమాండ్లు మాత్రం ఆగలేదు, యాప్ సొంత ఫోల్డర్ నుంచి నడవడం మొదలుపెట్టాయి. నా బ్యాకప్ కమాండ్ విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ టూల్‌తో రాసుకున్నది. ఎక్కడి నుంచి అన్నచోట ఒక చుక్క పెట్టాను, అంటే ‘ఇప్పుడున్న ఫోల్డర్’ అని. ఎక్కడికి అంటే ఎఫ్ డ్రైవ్‌లోని బ్యాకప్ ఫోల్డర్. చివర స్లాష్ ఎం.ఐ.ఆర్. ఈ మిర్రర్ ఆప్షన్ రెండు ఫోల్డర్లనూ అచ్చంగా ఒకేలా చేస్తుంది, మూలంలో లేనివాటిని బ్యాకప్‌లోంచి తీసిపారేస్తుంది. 9వ తేదీ రాత్రి ఎనిమిదింటికి బ్యాకప్‌లోని ట్యాలీ డేటా అంతా చెరిపేసి, యాప్ తాలూకు నాలుగు చిల్లర ఫైళ్లు అక్కడ పెట్టింది. అలా తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. స్క్రీన్ మీద మాత్రం ఆకుపచ్చ టిక్! రోబోకాపీ దృష్టిలో అది నిజంగా సక్సెసే మరి, చెప్పిన పని చేసింది.

18న మా అసిస్టెంట్ పొరపాటున ట్యాలీలోని ఒక కంపెనీ ఫోల్డర్‌ను షిఫ్ట్ డిలీట్ కొట్టాడు, అంటే రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. ‘ఏం పర్లేదు, బ్యాకప్ ఉందిగా’ అని నేనే ధైర్యం చెప్పాను. ఎఫ్ డ్రైవ్ తెరిచాక నోట మాట రాలేదు. పోయిన నెలాఖరు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికాం. 1 నుంచి 18 దాకా ఆ కంపెనీ వోచర్లన్నీ (లావాదేవీల ఎంట్రీలు) రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తప్పు సగం నాదే. మిర్రర్‌కు చుక్క పెట్టకుండా పూర్తి పాత్ రాసి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ సెట్టింగ్ తీసేసినప్పుడు కమాండ్‌ను ఆపాలి, కనీసం ఒక మాట చెప్పాలి కదా? మెయిల్ పెడితే, కొన్న 14 రోజుల్లోపు అయితేనే రీఫండ్ అన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను, ఇంకా ఏమీ తేలలేదు.

పోనీ యాప్ మార్చేద్దామంటే అదో తలనొప్పి. ఎక్స్‌పోర్ట్ కొడితే వచ్చే ఫైల్‌ను ఆ యాప్ తప్ప ఇంకేదీ చదవలేదు. అరవై కమాండ్లూ ఒక్కొక్కటే చేత్తో కాపీ చేసుకున్నాను. అప్పుడు కనబడింది ఇంకో ఘనకార్యం: రెండు మూడు కమాండ్లలో క్లయింట్ల పాస్‌వర్డ్‌లు అలాగే రాసేశాను, సింక్‌లో అవి కూడా యాప్ వాళ్ల సర్వర్‌కి వెళ్లాయి. అన్నీ మార్చుకున్నాం.

ఇప్పుడు కమాండ్లన్నీ మామూలు బ్యాట్ ఫైళ్లుగా (విండోస్ నేరుగా నడిపే టెక్స్ట్ ఫైళ్లు) ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. లాంచర్ పని వాటిని పిలవడం వరకే, రేపు అది పోయినా ఇంకోటి పెట్టుకోవచ్చు. ప్రస్తుతం మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ఉచితంగా వచ్చే లాంచర్ వాడుతున్నాం. రాత్రి బ్యాకప్‌ను, చెప్పిన టైమ్‌కి పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగించాం. రోబోకాపీ వాడేవాళ్లు ముందు స్లాష్ ఎల్ పెట్టి నడపండి. ఏది కాపీ అవుతుందో, ఏది పోతుందో లిస్ట్ చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

డబ్బు కట్టాలనే ఉంటే ట్రయల్‌లోనే ఎక్స్‌పోర్ట్ కొట్టి, ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. లైఫ్‌టైమ్ ఏ వెర్షన్ దాకా అని రాతపూర్వకంగా అడగండి. మ్యాక్‌లో ఆల్ఫ్రెడ్ అనే లాంచర్ వాళ్లు మామూలు లైసెన్స్ ఆ వెర్షన్ వరకే, జీవితాంతం అప్‌గ్రేడ్లు కావాలంటే వేరే లైసెన్స్ అని ముందే చెప్తారు. నాకూ అలా చెప్పి ఉంటే గొడవే లేదు.

మా ఆఫీసులో ఇప్పుడు తాళం వేసేముందు ఎవరో ఒకరు ఎఫ్ డ్రైవ్ తెరిచి, ఫోల్డర్ సైజు, తేదీ చూసి గానీ బయటికి రారు.