హైబ్రిడ్ పికప్ అసలు బలం ఎంత: జీపీఎస్ లాగర్, ఓబీడీ, డైనో మూడూ చాలాకాలం వాడాక

హైబ్రిడ్ పికప్ పవర్ ఎంత అని ఎవరైనా అడిగితే ముందు తేల్చుకోవాల్సింది "ఎంతసేపు" అన్నది. పెట్రోలు ఇంజిన్ వేడి అదుపులో ఉన్నంతవరకూ ఇంచుమించు ఒకే పవర్ ఇస్తూ పోతుంది. మోటర్ అలా కాదు. బ్యాటరీలో చార్జి ఉండాలి, బ్యాటరీ మరీ వేడిగానో చల్లగానో ఉండకూడదు, అప్పుడే పూర్తిగా లాగుతుంది. బ్రోచర్‌లోని ఒక్క అంకె పట్టుకుని కొలతకి దిగితే ప్రతిసారీ వేరే జవాబు వస్తుంది, పరికరం మీద అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు పరికరం తప్పేమీ ఉండదు.

ఫోర్డ్ ఎఫ్-150 పవర్‌బూస్ట్‌నే తీసుకోండి. హైబ్రిడ్ లేని 3.5 లీటర్ల టర్బో వీ6కి కంపెనీ చెప్పిన అంకెలు 400 హార్స్‌పవర్, 678 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). దానికి 35 కిలోవాట్ల మోటర్, అంటే 47 హార్స్‌పవర్, కలిపాక చెప్పినవి 430, 773. కూడితే 447 రావాలి, రాలేదు. టయోటా టండ్రా హైబ్రిడ్‌లో 389కి 48 కలిపితే సరిగ్గా 437 వస్తుంది. టార్క్ మాత్రం 649కి 250 కలిపితే 899 రావాల్సింది, కంపెనీ చెప్పింది 790. ఇంజిన్ అంకె, మోటర్ అంకె కూడేసి "ఇంత ఉండాలి" అనుకోవడం దండగ.

మోటర్ నడిచే తీరు తెలిస్తే ఇందులో వింతేమీ కనపడదు. 35 కిలోవాట్లు స్థిరంగా ఇస్తుందనుకుంటే 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 223 న్యూటన్ మీటర్లు, 3000 దగ్గర 111, 6000 దగ్గర 56 మాత్రమే వస్తాయి. కిలోవాట్లని 9549తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. అంటే హైబ్రిడ్ లాభమంతా టర్బోలు పూర్తిగా ఊపందుకోకముందే, కింది ఆర్‌పీఎంలో ఉంటుంది. డైనో (బండి చక్రాలని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఇచ్చే కాగితం మీద పైనున్న గరిష్ఠ హార్స్‌పవర్ మాత్రమే చదివేవాళ్లకి అది కనపడదు.

నేను వాడినవి మూడు: సెకనుకి 25 సార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ లాగర్, బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ అడాప్టర్, లోడ్ ఇచ్చే రోలర్ డైనో. ఒక్కటే కొనాలంటే జీపీఎస్ లాగర్ కొనండి. ఓబీడీ అడాప్టర్ ఆ అంకెలకి కారణం చెబుతుంది. డైనో ఒకే బండిలో ముందూ వెనకా పోల్చుకోవడానికి మంచిది, అసలు అంకె చెప్పడానికి అంత మంచిది కాదు.

జీపీఎస్ పద్ధతి వెనక లెక్క తేలికే. బరువుని త్వరణంతో గుణిస్తే బండిని ముందుకి తోసే బలం. తిరిగే చక్రాలు, షాఫ్టుల కోసం దానికి ఒక 4 శాతం కలపాలి. గాలి నిరోధం, టైర్ల నిరోధం కూడా కలిపి వేగంతో గుణిస్తే చక్రాల దగ్గరి పవర్. ఉదాహరణకి డ్రైవర్‌తో కలిపి 2700 కిలోల బండి, గంటకి 90 కిలోమీటర్ల వేగంలో సెకను వర్గానికి 3.2 మీటర్ల త్వరణం చూపించిందనుకుందాం. తోసే బలం 8986 న్యూటన్లు. గాలి నిరోధ గుణకం, ముందు వైశాల్యం గుణిస్తే 1.4 చదరపు మీటర్లనుకుంటే గాలికి 525, టైర్లకి 265. మొత్తం 9776 న్యూటన్లు, సెకనుకి 25 మీటర్ల వేగంలో 244 కిలోవాట్లు, అంటే 327 హార్స్‌పవర్. టైరు వ్యాసార్థం 0.40 మీటర్లయితే చక్రాల టార్క్ 3910 న్యూటన్ మీటర్లు. పవర్‌బూస్ట్ మూడో గేర్ నిష్పత్తి 2.146, యాక్సిల్ నిష్పత్తి 3.55 గుణిస్తే 7.62 కాబట్టి ఇంజిన్ వైపుకి లెక్కిస్తే 4550 ఆర్‌పీఎం దగ్గర 513 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్, యాక్సిల్ నష్టం ఇందులో ముందే పోయింది. ఆ నష్టం ఎంతో సొంతంగా కొలవలేం గనక, ఊహించిన శాతం కలిపి "ఇంజిన్ దగ్గర ఇంత" అని చెప్పడం నాకు నచ్చదు. చక్రాల దగ్గర వచ్చిందే రాసుకోండి.

ఫోర్డ్ మావరిక్ హైబ్రిడ్ లాంటి పవర్ స్ప్లిట్ ఈ-సీవీటీ (స్థిరమైన గేర్లు లేని గేర్‌బాక్స్) బండికైతే ఇంజిన్ వైపు లెక్కకి అర్థమే లేదు. అక్కడ ఇంజిన్ ఆర్‌పీఎంకీ చక్రాల వేగానికీ స్థిరమైన నిష్పత్తి ఉండదు. ఆ బండి టార్క్‌ని ఆర్‌పీఎం ప్రకారం గీసిన గ్రాఫ్ ఎవరైనా చూపిస్తే పక్కన పెట్టేయండి. వేగం ప్రకారం చక్రాల బలం గీస్తే చాలు.

ఈ లెక్కలో పొరపాట్లు ఎక్కడ దూరతాయో అంకెలతో తెలిసుంటే దేనికి ఎంత జాగ్రత్త పడాలో తెలుస్తుంది. పై ఉదాహరణలోనే 1 శాతం వాలు 6.6 కిలోవాట్ల తేడా తెస్తుంది. కంటికి ఆ వాలు చదునుగానే కనిపిస్తుంది. బరువు 100 కిలోలు తప్పు వేస్తే 8 కిలోవాట్లు. గంటకి 10 కిలోమీటర్ల ఎదురుగాలికి సుమారు 3. అందుకే బండిని వేబ్రిడ్జి మీద మనిషితో సహా తూకం వేయించాలి, ట్యాంకు మట్టం రాసుకోవాలి. పవర్‌బూస్ట్ ట్యాంకు 116 లీటర్లు. నిండుగా ఉన్నప్పటికీ సగానికి వచ్చినప్పటికీ 40 కిలోలు పైనే తేడా. ప్రతి పరుగూ రెండు దిక్కులా చేసి సగటు తీయాలి.

యాక్సిలరోమీటర్‌ని ఒంటరిగా నమ్మే ఫోన్ యాప్‌లతో పికప్‌లలో ప్రత్యేకంగా చిక్కు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పికప్ వెనక్కి కూర్చుంటుంది. ముందు భాగం ఒక్క డిగ్రీ లేచినా గురుత్వాకర్షణలో కొంత భాగం త్వరణంలా నమోదై సెకను వర్గానికి 0.17 మీటర్లు అదనంగా చూపిస్తుంది. మన ఉదాహరణలో అది 11 కిలోవాట్లు పైనే. ఎప్పుడూ ఎక్కువ వైపే తప్పుతుంది కాబట్టి ఎంత సగటు తీసినా పోదు. ఫోన్‌లోని సెకనుకి ఒక్కసారి వచ్చే జీపీఎస్ కూడా ఈ పనికి చాలదు. కనీసం సెకనుకి 10 సార్లు కావాలి. స్థానాల తేడా నుంచి కాకుండా డాప్లర్ (ఉపగ్రహ సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో మార్పు) నుంచి వేగం తీసే పరికరమే తీసుకోవాలి. త్వరణాన్ని 0.3 నుంచి 0.5 సెకన్ల మేర సగటు చేస్తే గ్రాఫ్ నునుపుగా వస్తుంది. అంతకు మించితే గేర్ మార్పులు కరిగిపోయి గరిష్ఠం తగ్గిపోతుంది.

చిన్న విషయమే గానీ చాలామందికి తగులుతుంది: అయస్కాంతంతో అతుక్కునే జీపీఎస్ యాంటెన్నా ఎఫ్-150 పైకప్పుకి అతుక్కోదు, దాని బాడీ అల్యూమినియం. రెండువైపులా జిగురున్న ఫోమ్ టేపుతో పైకప్పు మధ్యలో అంటించాలి. డాష్‌బోర్డు మీద పెడితే ఉపగ్రహాలు కొన్ని మరుగైపోయి వేగంలో కుదుపులు వస్తాయి.

గాలి, టైర్ల నిరోధం ఊహించి వేయకుండా కోస్ట్‌డౌన్ చేసుకోవాలి. అరగంట బాగా నడిపి టైర్లు, యాక్సిల్ ఆయిల్ వేడెక్కనిచ్చి, గంటకి 110 కిలోమీటర్ల దగ్గర న్యూట్రల్‌లో వేసి 30 వరకూ దానంతటదే తగ్గనివ్వాలి. రెండు దిక్కులా. వేగం తగ్గిన రేటుని బరువుతో గుణిస్తే ప్రతి వేగం దగ్గరా నిరోధం తెలుస్తుంది. హైబ్రిడ్‌లో జనం పొరబడేది ఇక్కడే. డీ (డ్రైవ్)లో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే మోటర్ జనరేటర్‌గా మారి బండిని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు కూడా నిరోధంగా లెక్కలోకి వచ్చి తర్వాత పవర్‌కి కలిసిపోతుంది. ఫలితం చూడ్డానికి ఘనంగా ఉంటుంది, నిజం కాదు. న్యూట్రల్‌లోనే చేయాలి, ఓబీడీలో బ్యాటరీ కరెంటు సున్నా దగ్గరే ఉందని చూసుకోవాలి. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు ఒకే అంకెకి పెట్టి, పరీక్షలన్నింటికీ అదే ఉంచాలి. ఇదంతా మూసిన ట్రాక్ మీదో, అనుమతి ఉన్న ఖాళీ రన్‌వే మీదో చేయాల్సిన పని.

ఓబీడీ సంగతి. అందరికీ అందుబాటులో ఉండే ప్రామాణిక కోడ్‌లలో 62 ఇంజిన్ ఇస్తున్న టార్క్ శాతం, 63 ఆ శాతానికి ఆధారమైన న్యూటన్ మీటర్లు. రెండూ గుణిస్తే వచ్చేది కొలత కాదు, లోపలికి వెళ్లే గాలి, స్పార్క్ సమయం చూసి ఇంజిన్ కంప్యూటర్ వేసుకున్న అంచనా. అది ఇంజిన్ వరకే. మోటర్ టార్క్, బ్యాటరీ వోల్టేజి, కరెంటు కంపెనీ సొంత కోడ్‌లలో ఉంటాయి, ఆ బండికి తగిన జాబితా ఉన్న యాప్ కావాలి. మూడింటిలో వోల్టేజి, కరెంటు ముఖ్యం. రెండూ గుణిస్తే బ్యాటరీ నుంచి వెళ్తున్న కిలోవాట్లు. ఇన్వర్టర్, మోటర్ నష్టాలకి పదో వంతు తీసేస్తే షాఫ్టుకి చేరేది ఉజ్జాయింపుగా తెలుస్తుంది. డిశ్చార్జికి ప్లస్సా మైనస్సా అన్నది యాప్‌ని బట్టి మారుతుంది. బ్రేకు నొక్కినప్పుడు గుర్తు ఏ వైపు పోతోందో ముందే చూసుకోండి.

చవక అడాప్టర్లలో అసలు ఇబ్బంది వేగం. ఎన్ని కోడ్‌లు అడిగితే అంత నెమ్మదిస్తాయి. ఆరుకి మించి అడగొద్దు: ఆర్‌పీఎం, వేగం, టార్క్ శాతం, బ్యాటరీ వోల్టేజి, కరెంటు, చార్జి శాతం. జీపీఎస్ ఫైలుకీ ఓబీడీ ఫైలుకీ సమయం ఒకలా ఉండదు, బ్లూటూత్ ఆలస్యం ఉంటుంది. ఓబీడీ వేగాన్ని జీపీఎస్ వేగం మీద పెట్టి రెండూ కలిసేదాకా జరిపితే సరిపోతుంది. పని అయిపోగానే అడాప్టర్ పీకేయాలి. పెట్టి వదిలేస్తే కొన్ని బండ్లలో కంప్యూటర్లు నిద్రపోకుండా 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది.

డైనో మీద హైబ్రిడ్ పికప్ ఎక్కించేముందు అక్కడి ఆపరేటర్‌తో గేర్ మాట తేల్చుకోండి. అలవాటు ప్రకారం 1:1 గేర్‌లో లాగుదామంటారు. పది గేర్ల పవర్‌బూస్ట్‌లో అది ఏడో గేర్. 3.55 యాక్సిల్‌తో 6000 ఆర్‌పీఎంకి వెళ్లాలంటే రోలర్ల మీద గంటకి 255 కిలోమీటర్లు కావాలి. వేగ పరిమితి అంతకంటే ముందే అడ్డుకుంటుంది, టైర్లు కూడా ఆ వేగానికి చేసినవి కావు. నాలుగో గేర్‌లో 144 చాలు. మాన్యువల్‌లో గేర్ కట్టేసి, 2000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపేది) లాక్ అయ్యాక నెమ్మదిగా పూర్తిగా తొక్కాలి. ఒక్కసారిగా తొక్కితే కింది గేర్‌కి దూకి ఆ పరుగు పాడవుతుంది.

ముందు చక్రాలు కదలకుండా వెనకవి మాత్రమే తిరిగితే స్టెబిలిటీ కంట్రోల్ దాన్ని జారడంగా భావించి పవర్ కోస్తుంది. గ్రాఫ్‌లో రంపపు పళ్లలా ఎగుడుదిగుడు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. వీలైతే నాలుగు చక్రాల డైనో, ముందూ వెనకా రోలర్లు జతపడినది వాడండి. ఫోర్ ఆటోలో (అవసరాన్ని బట్టి ముందు చక్రాలకీ పవర్ పంపే మోడ్) మాత్రం వద్దు. రోలర్ల వేగాల్లో చిన్న తేడా ఉన్నా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే పెట్టె)లోని క్లచ్ కాలుతుంది.

డైనో కాగితం మీద కరెక్షన్ (వాతావరణానికి తగ్గట్టు చేసే సవరణ) ఏమిటో చదవాలి. ఎస్‌ఏఈ (అమెరికా వాహన ఇంజినీర్ల సంఘం) ప్రమాణం జే1349 అయితే 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలికి సరిచేస్తారు. ఈ సవరణ గాలి పీల్చే ఇంజిన్ కోసం పెట్టింది. మోటర్‌కి గాలి సాంద్రతతో సంబంధం లేదు. 1.06తో మొత్తాన్ని గుణిస్తే మోటర్ వంతు 35 కిలోవాట్లకి ఉత్తినే 2 కలుస్తాయి. టర్బో ఇంజిన్ పలచని గాలిని బూస్ట్ పెంచి కొంతవరకు తనే సరిచేసుకుంటుంది గనక అక్కడా లెక్క ఎక్కువే వస్తుంది. కరెక్షన్ తీసేసిన అంకె కూడా అడిగి తీసుకోండి, పక్కన ఉష్ణోగ్రత, పీడనం రాసుకోండి.

ఇక మొదటి ప్రశ్న, ఎంతసేపు. పవర్‌బూస్ట్ బ్యాటరీ 1.5 కిలోవాట్ అవర్లు. 35 కిలోవాట్లతో పది సెకన్ల పరుగుకి దాదాపు 0.1 ఖర్చవుతుంది, బ్యాటరీ మొత్తంలో 6 శాతం పైనే. పైగా బ్యాటరీ మొత్తాన్ని వాడనివ్వరు, మధ్యలో కొంత భాగమే వాడకానికి వదులుతారు. వెంటవెంటనే లాగితే మూడో నాలుగో పరుగుకి మోటర్ సాయం తగ్గడం ఓబీడీలో కనిపిస్తుంది. అందుకే ప్రతి పరుగు పక్కనా మొదలైనప్పటి చార్జి శాతం, బ్యాటరీ ఉష్ణోగ్రత రాయాలి. ఆ రెండు వరుసలు లేని ఫలితాలు పోల్చడానికి పనికిరావు. 2020లో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల కింద వచ్చిన 21వ గ్లోబల్ టెక్నికల్ రెగ్యులేషన్ ఈ హైబ్రిడ్ పవర్ కొలత గురించే. అందులో రెండు దారులున్నాయి: ఒకటి ఇంజిన్, బ్యాటరీ వైపు నుంచి లెక్కించేది, రెండోది చక్రాల దగ్గరి టార్క్, వేగం నుంచి లెక్కించేది. ఇంట్లో చేసుకోదగ్గది రెండోదే.

ట్రైలర్ లాగేవాళ్లకి పది సెకన్ల అంకెతో పని లేదు. అమెరికాలో ఎస్‌ఏఈ జే2807 టోయింగ్ పరీక్ష అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు మీద, 11.4 మైళ్ల ఎక్కుడు, ఏసీ పూర్తిగా పెట్టి, గంటకి 40 మైళ్లకి తగ్గకుండా. ఆ వేగంలో అది 17 నిమిషాలు. మోటర్ 35 కిలోవాట్లు ఆసాంతం ఇవ్వాలంటే దాదాపు 10 కిలోవాట్ అవర్లు కావాలి, ఉన్నది 1.5. అంటే పొడవాటి ఎక్కుడు మీద లాగేది ఇంజినే. కొనేటప్పుడు ఆ పనికి 430 కాదు, 400 అనుకుని లెక్క వేసుకోవాలి.

దీన్ని కొలవడం తేలిక. మొత్తం 5700 కిలోలు, 6 శాతం ఎక్కుడు, గంటకి 80 అయితే ఎత్తు ఎక్కడానికే 75 కిలోవాట్లు పోతాయి. గాలి, టైర్లు కలిపితే ట్రైలర్ ఆకారాన్ని బట్టి 100 దాటుతుంది. క్రూయిజ్ కంట్రోల్‌లో పెట్టి బ్యాటరీ కరెంటు, గేరు, కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూ పోతే మోటర్ ఎప్పుడు తప్పుకుందో, గేరు ఎప్పుడు దిగిందో తెలిసిపోతుంది. దిగివచ్చేటప్పుడు బ్యాటరీ మళ్లీ నిండుతుంది కాబట్టి తర్వాతి ఎక్కుడులో మొదటి రెండు నిమిషాలు లెక్కలోంచి తీసేసి, అక్కడి నుంచి సగటు వేయండి.