వార్సా దీపాలు, క్రాకో లాంఛనాలు

2010 ఏప్రిల్ 10న రష్యాలోని స్మోలెన్స్క్ దగ్గర విమానం కూలి పోలండ్ అధ్యక్షుడు లెహ్ కచిన్‌స్కీ, ఆయన భార్య మారియా సహా 96 మంది మరణించారు. రాజధాని వార్సాలో అధ్యక్ష భవనం ముందుకు జనం ఎవరూ పిలవకుండానే వచ్చారు. పూలు, గాజు గిన్నెల్లోని దీపాలు నేల కనిపించకుండా పరుచుకున్నాయి. పార్థివదేహాల దర్శనానికి గంటల తరబడి బారులు తీరారు. ఆయన రాజకీయాలు గిట్టనివారూ కంటతడి పెట్టారు.

క్రాకోలో 18న ప్రభుత్వ అంత్యక్రియలు జరిగాయి. ఐస్‌లాండ్ అగ్నిపర్వతపు బూడిద వల్ల చాలామంది దేశాధినేతలు రాలేకపోయారు. రాజులు శాశ్వతంగా నిద్రించే వావెల్ కెథడ్రల్‌లో కచిన్‌స్కీకి చోటేమిటని అప్పటికే నిరసనలు రేగాయి.

లాంఛనాలూ అవసరమే. నా మనసు మాత్రం వార్సా వైపే. ఆ వేసవిలో అక్కడ అధ్యక్ష భవనం ముందు మృతుల స్మృతిగా నిలిపిన శిలువపైనా వివాదం ముదిరింది, నిజమే. కానీ తొలి రోజుల్లో ఆ దీపాలు మృతులందరికీ వెలిగాయి. ఎవరి అర్హతనూ తూచలేదు.