రాత్రి బ్యాచ్ ఎందుకు సాగుతోందో చెప్పేది: పోస్ట్‌గ్రెస్ ఆటో ఎక్స్‌ప్లెయిన్

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు మేం సాఫ్ట్‌వేర్ చేస్తాం. బస్తాల రాకపోకలు, అద్దె, సరుకు మీద ఇచ్చిన అప్పుకు వడ్డీ అన్నీ రాత్రి బ్యాచ్‌లో తేలి, పొద్దున యార్డులో బేరాలు మొదలయ్యేసరికి సిద్ధంగా ఉండాలి. మిర్చి సీజన్ ముదిరితే మాత్రం తెల్లారినా తెమిలేది కాదు. విచిత్రమేంటంటే, ఆ బ్యాచ్‌లోని క్వెరీనే (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) పగలు నడిపితే చిటికెలో అయిపోయేది. ర్యామ్ పెంచుదామని మా సార్ కొటేషన్ కూడా తెప్పించారు.

అప్పుడు పెట్టిందే ఆటో ఎక్స్‌ప్లెయిన్. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. మనం పెట్టిన గడువు దాటిన క్వెరీ ఏ ప్లాన్‌తో, అంటే డేటాను ఏ పద్ధతిలో వెతుకుతూ నడిచిందో లాగ్‌లో రాసిపెడుతుంది. రాత్రి ఎవరూ మేలుకుని కూర్చోనక్కర్లేదు.

లాగ్ చూస్తే, ఇవాళ్టి తేదీకి ఒక్క వరుస వస్తుందని ప్లానర్ (ప్లాన్ ఎంచుకునే డేటాబేస్ భాగం) అంచనా. పక్కనే అసలు వచ్చినవి లక్ష పైచిలుకు! ఒక్కటే కదా అని, ఒక్కో వరుసకీ రెండో టేబుల్‌లో విడిగా వెతికే నెస్టెడ్ లూప్ పద్ధతి ఎంచుకుని, లక్షసార్లు తిరిగింది. టేబుల్‌లోకి డేటా ఎక్కిన మరుక్షణమే తర్వాతి స్టెప్ మొదలవుతుంది. వెనకాల తనంతట తానే నడిచే ఆటోవాక్యూమ్ వచ్చి, టేబుల్‌లో ఏముందో చెప్పే కొత్త గణాంకాలు తీసేలోపే నిన్నటి లెక్కలతో ప్లాన్ తయారైపోతోంది. పగటికల్లా గణాంకాలు సరిపోతాయి, అందుకే అప్పుడు అంత వేగం. లోడ్ తర్వాత, గణాంకాలను అప్పటికప్పుడు తీసే ఎనలైజ్ అని ఒక్క లైన్ చేర్చాం. నాలుగు గంటల పని నలభై నిమిషాలకు దిగింది, కొటేషన్ మూలన పడింది.

చిరాకులూ ఉన్నాయి. ఆటో ఎక్స్‌ప్లెయిన్‌లో లాగ్ ఎనలైజ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే అసలు వరుసల సంఖ్య కనిపిస్తుంది, కానీ అది గడువు దాటని క్వెరీలను కూడా కొలుస్తూ కూర్చుంటుంది. ప్లాన్‌లో ప్రతి అంచెకూ పట్టిన సమయం కొలిచే లాగ్ టైమింగ్ ఆపేస్తే ఆ భారం చాలావరకు తగ్గుతుంది. లెక్కలు ఫంక్షన్లలో రాసుకున్నవాళ్లు ఫంక్షన్ లోపలి క్వెరీలను చూపే నెస్టెడ్ స్టేట్‌మెంట్స్ సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి, లేదంటే పైన ఫంక్షన్ పేరు తప్ప ఏమీ దొరకదు. మేం బ్యాచ్ యూజర్‌కి మాత్రమే పెట్టాం, పగలు కౌంటర్లో బిల్లులకు అడ్డం రాదు. రైతుల పేర్లు, ఖాతా నంబర్లు కూడా లాగ్‌లో పడే అవకాశం ఉంది కాబట్టి ఆ ఫైలు అందరికీ ఇవ్వకండి.

ఒక్కోటి మిల్లీసెకన్లలో అయిపోయే క్వెరీలు లక్షల్లో నడిచే బ్యాచ్‌కి ఇది పనికిరాదు. ఏదీ గడువు దాటదు కదా! అక్కడ ఒకే రకం క్వెరీలు ఎన్నిసార్లు నడిచాయో, మొత్తం ఎంతసేపు పట్టిందో కూడి చూపే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ చూడాల్సిందే. ఖాతాకో క్వెరీ చొప్పున నడిచే మా వడ్డీ లెక్కకు ఇప్పుడు అదే పెట్టాం.