సందేహం చెప్పాలంటే: టోకి పోనానా, లోజ్బానా?

టోకి పోనాలో అస్పష్టంగా మాట్లాడటానికి కష్టపడక్కర్లేదు. 2001లో వెలుగు చూసిన ఈ కల్పిత భాషకు ఉన్నవే సుమారు 120 మాటలు. ‘యాన్ లి మోకు’ అంటే ఒకడు తింటున్నాడో, పదిమంది తాగారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. అనుమానమని విడిగా చెప్పాలంటే ముందు ‘కెన్ లా’ తగిలిస్తే సరి.

లోజ్బాన్ కూడా కల్పిత భాషే, కానీ దాని దారి వేరు. వాక్యనిర్మాణంలో రెండర్థాలకు చోటివ్వదు గానీ, సందేహానికి బోలెడు మాటలిస్తుంది. ‘లహ’ అంటే బహుశా, ‘పెహి’ అంటే నా ఉద్దేశంలో, ‘తిహె’ అంటే విన్నమాట, అచ్చం మన ‘వచ్చాడట’లో ‘ట’లాగే. వెళ్లడాన్ని చెప్పే ‘క్లమ’కు అయిదు ఖాళీలు: ఎవరు, ఎక్కడికి, ఎక్కడినుంచి, ఏ దారిన, దేనిమీద. తెలియనివాటిని వదిలేయొచ్చు, లేదా ‘జొహె’తో దాటేయొచ్చు.

కబుర్లకైతే టోకి పోనాయే హాయి. ఎంతవరకు నమ్ముతున్నామో చెప్పాల్సినచోట నా ఓటు లోజ్బాన్‌కే, నేర్చుకోవడం తలనొప్పే అయినా.